దండ పొడుగు, దారం పొట్టి

పిల్లలూ! ఈ నెల మనకు నిజామాబాదు జిల్లా ధర్పల్లి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసిన అమ్మాయి ఏడో తరగతి చదువుతున్నది. ధర్పల్లి పసుపు పండే సీమ. అక్కడి పసుపు పొలాల్లో తవ్వకం, ఉడకబెట్టటం, ఆరబెట్టటం అయినాక బస్తాలకెక్కి నిజామాబాదు మార్కెట్టుకు పోతుంది. ఆ బస్తాలు ఎత్తే పని ఈ అమ్మాయి తండ్రిది. ఉత్తరం సారాంశం ఇది:

“మా బాపుకు గజ్జలో చిన్న బుడిపె లేచింది. డాక్టరు చూసి అది హెర్నియా అన్నాడు, ఆపరేషను చెయ్యాలన్నాడు. నడుములో సూది వేస్తే బాధ తెలియదట, మెలకువగానే ఉండవచ్చునట. ఆ మాట వినగానే బాపు లేచి వచ్చేశాడు. నడుములో సూది వేయించుకుంటే ఇక జన్మలో బస్తా ఎత్తలేనంటాడు. మా చిన్నమ్మకు కాన్పులో ఆ సూదే వేశారు. అప్పటి నుంచి నడుము నొప్పి అంటుంది. నడుములో వెన్నుపాము ఉంటుందని మా పాఠంలో ఉన్నది. సూది దానికి గుచ్చుకుంటే కాళ్లు పడిపోవా? మెలకువగా ఉన్న మనిషికి కోస్తే నొప్పి ఎందుకు తెలియదు? బాపుకు నేనేం చెప్పాలి?”

చాలా మంచి ప్రశ్నలు. ఇవి ఒక్క ధర్పల్లి వారివే కావు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషనుతోనే జరిగాయి. వీటిలో ఎక్కువ వాటికి వాడేది ఈ నడుము సూదే. అంటే ఈ భయం మీలో చాలామంది ఇళ్లలో ఉండి ఉంటుంది. కనక అందరం కలిసి తెలుసుకుందాం.

ముందుగా మీ చెయ్యి మీ వీపు మీద, మధ్య భాగాన పెట్టి, మెడ నుంచి కిందికి తడుముకోండి. గట్టిగా, వరసగా, గడ్డల్లాగా తగులుతున్నాయి గదా! వీటినే వెన్నుపూసలు అంటారు. మన పెద్దలు మంచి పేరే పెట్టారు. దండలో పూసలు గుచ్చినట్టే ఇవి ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5, దాని కింద పిరుదుల మధ్య 5, చిట్టచివర 4, మొత్తం 33. పెద్దవాళ్లలో చివరి తొమ్మిదీ విడివిడిగా ఉండవు. అయిదూ అతుక్కుని ఒకటిగానూ, నాలుగూ అతుక్కుని ఒకటిగానూ అయిపోతాయి.

పూసకు బెజ్జం ఉన్నట్టే వెన్నుపూసకూ బెజ్జం ఉంటుంది. అన్ని బెజ్జాలూ ఒకదాని కింద ఒకటి రావటంతో ఒక పొడుగాటి సొరంగం ఏర్పడుతుంది. ఆ సొరంగంలో, దండలో దారం లాగా, మెదడు నుంచి దిగివచ్చేదే వెన్నుపాము. అది మన చిటికెన వేలంత లావు ఉంటుంది. పెద్దవారిలో సుమారు 45 సెంటీమీటర్ల పొడుగు, అంటే ఒకటిన్నర అడుగు. దాని నుంచి 31 జతల నాడులు బయలుదేరి ఒంట్లో నాలుగు మూలలకూ పోతాయి.

ఈ నాడుల పని ఏమిటి? వార్తలు మొయ్యటం. మీ కాలికి రాయి తగిలిందనుకోండి. ఆ వార్త నాడి వెంట కాలి నుంచి నడుముకూ, అక్కడి నుంచి వెన్నుపాములోకీ, వెన్నుపాము వెంట మెదడుకూ పోతుంది. మెదడుకు అందాకనే మీరు “అబ్బా!” అంటారు. దెబ్బ తగిలేది కాలికి, నొప్పి తెలిసేది మెదడుకు! మరి దారిలో ఎక్కడైనా వార్తను ఆపివేస్తే? కాలికి ఏం జరిగినా మెదడుకు తెలియదు. నడుము సూది చేసేది సరిగ్గా ఈ పనే.

అయితే సూది వెన్నుపాముకు గుచ్చుకోదా అన్నది అసలు ప్రశ్న. దీనికి జవాబు మనం పెరిగిన తీరులో ఉన్నది.

మీరు అమ్మ కడుపులో మూడో నెలలో ఉన్నప్పుడు మీ వెన్నుపాము వెన్నెముకతో సమానంగా, పై నుంచి కింది దాకా ఉండేది. ఆ తరవాత ఎముకలు గబగబా పెరిగాయి. వెన్నుపాము అంత వేగంగా పెరగలేక వెనకబడింది. పుట్టేనాటికి దాని కొస నడుములోని మూడో పూస దగ్గరకు చేరుకుంది. పెద్దవారిలో సాధారణంగా నడుములోని మొదటి, రెండో పూసల దగ్గరే ముగిసిపోతుంది. దండ పొడుగు, దారం పొట్టి! కింది పూసల్లో సొరంగం ఉన్నది గాని, అందులో వెన్నుపాము లేదు.

మరి అక్కడ ఏమున్నది? కాళ్లకూ, కింది భాగాలకూ పోవలసిన నాడులు జుట్టుపాయల్లాగా వేలాడుతూ ఉంటాయి. పూర్వపు వైద్యులు దాన్ని చూసి లాటిను భాషలో “గుర్రపు తోక” అని పేరు పెట్టారు. ఈ పాయలు ఊరికే వేలాడవు, స్వచ్ఛమైన నీటిలో తేలుతూ ఉంటాయి. మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ ఉండే నీరే ఇది. పెద్దవారిలో మొత్తం సుమారు 150 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న గ్లాసుడు. ఒళ్లు రోజుకు అర లీటరు దాకా కొత్త నీరు తయారుచేస్తూ, పాత నీటిని రక్తంలో కలుపుకుంటూ ఉంటుంది.

ఉడికించిన సేమ్యాను గిన్నెడు నీళ్లలో వేసి, అందులోకి సన్నని సూది దించి చూడండి. సేమ్యా పక్కకు జరిగి సూదికి దారి ఇస్తుంది. నీళ్లలో తేలే ఆ నాడులు కూడా చాలావరకు అట్లాగే జరుగుతాయి. అందుకే మత్తు డాక్టరు వెన్నుపాము ఉన్న చోటికి పోడు. అది ముగిసిన చోటు దాటి, ఇంకా కిందికి పోతాడు.

ఆ చోటు పైనుంచి చూస్తే కనపడదు గదా, ఎట్లా తెలుస్తుంది? మీ రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని నిలబడండి. అరచేతుల కింద రెండు వైపులా గట్టి ఎముక అంచులు తగులుతాయి. ఆ రెండు అంచులనూ కలుపుతూ వీపు మీద అడ్డంగా గీత గీశారనుకోండి. అది ఇంచుమించుగా నడుములోని నాలుగో పూస మీదుగా పోతుంది. డాక్టరు ఆ గీతను గుర్తుపెట్టుకుని, మూడో పూసకూ నాలుగో పూసకూ మధ్యనో, నాలుగుకూ అయిదుకూ మధ్యనో సందు వెతుకుతాడు.

మనిషిని కూచోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనేటట్టు వంగమంటారు. వీపు విల్లులా వంగితే పూసల మధ్య సందులు విచ్చుకుంటాయి. చర్మాన్ని మందుతో శుభ్రంగా తుడిచి, ముందు పైపైన ఒక చిన్న సూది వేసి అక్కడ మొద్దుబారేటట్టు చేస్తారు. అసలు సూది సుమారు 9 సెంటీమీటర్ల పొడుగు ఉంటుంది. చూస్తే భయమే! కాని దాని లావు అర మిల్లీమీటరో, అంతకన్నా తక్కువో. చర్మం, కొవ్వు, పూసలను పట్టి ఉంచే బంధకాలు, వీటన్నిటినీ దాటుకుంటూ అది లోపలికి పోతుంది. చివరి బంధకం పేరు వింటే ధర్పల్లి వారికి నవ్వు వస్తుంది. దాని పేరు పసుపు బంధకం! సాగే గుణం ఉన్న పదార్థం దానిలో ఎక్కువగా ఉండటంవల్ల అది పచ్చగా ఉంటుంది. అది దాటి, లోపలి పొరలు దాటగానే సూది వెనక నుంచి తేటనీటి చుక్కలు ఊరుతాయి. “సరైన చోటికి వచ్చావు” అని ఆ చుక్కలే డాక్టరుకు చెబుతాయి. అప్పుడు రెండు మూడు మిల్లీలీటర్ల మందు, అంటే అర చెంచాడు, లోపలికి పంపి సూదిని తీసివేస్తారు.

ఇక ఆ మందు ఏం చేస్తుంది? నాడి గోడలో కంటికి కనిపించని చిన్న చిన్న తలుపులు ఉంటాయి. ఉప్పులో ఉండే సోడియం ఈ తలుపుల గుండా లోపలికి దూరినప్పుడల్లా వార్త ఒక అడుగు ముందుకు పోతుంది. ఒక తలుపు తెరుచుకుంటే పక్క తలుపు, అది తెరుచుకుంటే దాని పక్కది, ఇట్లా. మందు పోయి ఈ తలుపులకు గొళ్లెం పెడుతుంది. వార్త అక్కడే నిలిచిపోతుంది. రెండు మూడు గంటల్లో మందు రక్తంలో కలిసి కొట్టుకుపోతుంది. గొళ్లాలు ఊడిపోతాయి, తలుపులు మళ్లీ తెరుచుకుంటాయి. చూశారా! నాడిని కొయ్యటం గాని, చంపటం గాని లేదు, కాసేపు తలుపు మూయటమే.

మందు పనిచేసే వరస కూడా తమాషాగా ఉంటుంది. మొదట కాళ్లు వెచ్చబడతాయి. తరవాత చల్లదనం, నొప్పి తెలియవు. ఆపైన కాళ్లు కదపటానికి రాదు. అందుకే డాక్టరు తడి దూదినో మంచుముక్కనో తగిలించి, “చల్లగా ఉన్నదా?” అని అడుగుతూ మందు ఎంతవరకు ఎక్కిందో తెలుసుకుంటాడు. ఎవరో లాగుతున్నట్టు, ఒత్తుతున్నట్టు మాత్రం తెలియవచ్చు, నొప్పి తెలియదు. తల, చేతులు, గుండె, ఊపిరి తమ పని తాము చేసుకుంటూనే ఉంటాయి. అందుకే కాన్పు ఆపరేషనులో తల్లి తన బిడ్డ మొదటి ఏడుపు తన చెవులతో వింటుంది!

ఈ ఉపాయం ఎవరికి తట్టింది? దాని వెనక పెద్ద కథ ఉన్నది. 1846లో అమెరికాలో బోస్టన్ నగరాన ఈథరు వాసన చూపించి నొప్పి లేకుండా ఆపరేషను చేసి చూపారు. మరుసటి ఏడు స్కాట్లండులో సింప్సన్ అనే డాక్టరు క్లోరోఫారం వాడాడు. మనిషి హాయిగా నిద్రపోయేవాడు. అయితే అప్పుడప్పుడు ఆ నిద్ర నుంచి లేచేవాడు కాదు! అది గుండెను ఆపుతున్నదా, ఊపిరిని ఆపుతున్నదా అని పెద్ద తగాదా పడింది.

ఆ తగాదా తీర్చటానికి పూనుకున్నది మన హైదరాబాదే. అక్కడి వైద్య పాఠశాలకు అధిపతి అయిన ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక క్లోరోఫారం కమిషను, 1889లో రెండో కమిషను నడిపాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను డబ్బు ఇచ్చాడు. లండను నుంచి బ్రంటన్ అనే పేరుమోసిన డాక్టరు ఓడ ఎక్కి వచ్చాడు. ముందు ఆగేది ఊపిరే, కనక ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలునని వారు తేల్చారు. ఆ మాట పూర్తిగా నిలవలేదు. 1911లో లండనులో లెవీ అనే శాస్త్రజ్ఞుడు క్లోరోఫారం గుండె లయను కూడా చెడగొట్టగలదని రుజువు చేశాడు. కాని మత్తు ఇచ్చేవారి కన్ను రోగి మీది నుంచి తొలగరాదన్న పాఠం మాత్రం నిలిచింది. అదే హైదరాబాదు పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ మహిళ, 1889 నుంచి 1917 దాకా నగరంలోని ఆస్పత్రుల్లో రోగులకు మత్తు ఇచ్చింది. మధ్యలో 1909లో ఎడింబరో పోయి పెద్ద చదువు చదివి వచ్చింది. ప్రపంచంలో మొదటి మహిళా మత్తు డాక్టరు ఆమేనని చెప్పుకుంటారు.

మనిషిని మొత్తంగా నిద్రపుచ్చకుండా, కోసే చోటు మాత్రమే మొద్దుబారిస్తే పోదా అన్న ఆలోచన అప్పుడే బలపడింది. 1884లో కోలర్ అనే యువ వైద్యుడు కొకెయిను చుక్కలు వేసి కన్ను మొద్దుబారుతుందని చూపాడు. 1891లో జర్మనీలోని కీల్ నగరంలో క్వింకే అనే డాక్టరు నడుములో సూది దించి లోపలి నీటిని తీశాడు. ఈ రెంటినీ కలిపినవాడు అదే నగరంలోని ఆగస్టు బీర్. 1898 ఆగస్టు 16న ఒక కూలివాని చీలమండ ఆపరేషనుకు ఆయన నడుములో కొకెయిను ఎక్కించాడు. కూలివానికి నొప్పి తెలియలేదు. కాని తరవాత తలనొప్పి, వాంతులు పట్టుకున్నాయి.

ఎందుకు? బీర్ తన మీదనే పరీక్ష చేయించుకున్నాడు. 24వ తేదీన సహాయకుడు హిల్డెబ్రాండ్ట్ ఆయన నడుములో సూది దించాడు. తీరా చూస్తే మందు గొట్టం సూదికి సరిపడలేదు! లోపలి నీరు చాలా కారిపోయింది. అప్పుడు హిల్డెబ్రాండ్టే ముందుకు వచ్చి తాను వేయించుకున్నాడు. బీర్ అతని ముంగాలి మీద సుత్తితో కొట్టాడు, చుట్టతో కాల్చాడు. నొప్పి లేదు. తరవాత మాత్రం ఇద్దరికీ తలనొప్పి పట్టుకున్నది. బీర్‌కు తలనొప్పి తొమ్మిది రోజులు ఉన్నది. పడుకుంటే తగ్గేది, లేస్తే వచ్చేది. సూది చేసిన బెజ్జం గుండా నీరు కారిపోవటంవల్లనే ఈ తలనొప్పి అని ఆయన సరిగ్గానే ఊహించాడు.

ఇప్పటి సూదులు సన్నం. మొన పెన్సిలు ముల్లులా ఉండి పొరను కొయ్యకుండా పక్కకు జరుపుతుంది. అందువల్ల ఆ తలనొప్పి నూటికి ఒకరిద్దరికి మించి రాదు. వస్తే దానికి మందులూ, వైద్యమూ ఉన్నాయి. ప్రమాదకరమైన కొకెయిను స్థానంలో ఇప్పుడు ఎక్కువగా బుపివకెయిను వాడుతున్నారు. దాన్ని 1957లో స్వీడనులో తయారుచేశారు.

ఇక బాపుకు చెప్పవలసిన మాటలు.

సూది దిగిన చోట రెండు మూడు రోజులు సలుపు ఉండవచ్చు. అంతేగాని జన్మంతా నడుము నొప్పి ఈ సూదివల్ల వస్తుందని ఇన్నేళ్ల పరిశోధనల్లో తేలలేదు. చిన్నమ్మ నొప్పి అబద్ధమని మాత్రం అనకండి. బిడ్డను మోసిన నెలల్లో నడుము బంధకాలు వదులవుతాయి, తరవాత బిడ్డను ఎత్తుకోవటం, వంగి పని చెయ్యటం తప్పదు. “అది సూదివల్లనే, భరించాలి” అనుకుంటే అసలు కారణం ఎవరూ వెతకరు. ఆమెను డాక్టరుకు చూపించాలి.

ఏ సూదీ పూర్తిగా ప్రమాదం లేనిది కాదు. బ్రిటనులో ఏడు లక్షలకు పైగా ఇటువంటి వెన్ను సూదులను లెక్కించి 2009లో వివరాలు ప్రకటించారు. శాశ్వతమైన హాని జరిగింది లక్షకు సుమారు ఇద్దరి నుంచి నలుగురికి. మందు ఎక్కాక రక్తపు పోటు పడిపోవచ్చు కనకనే చేతికి సెలైను పెట్టి, యంత్రాలతో గుండెనూ, పోటునూ, ఊపిరినీ కనిపెడుతూ మత్తు డాక్టరు పక్కనే ఉంటాడు. రక్తం పలచబడే మాత్రలు వాడేవారికీ, వీపు మీద కురుపు ఉన్నవారికీ ఈ సూది పనికిరాకపోవచ్చు. కనక వాడే మందులూ, పడని మందులూ, పాత జబ్బులూ దాచకుండా డాక్టరుకు చెప్పాలి. అప్పుడు ఏ మత్తు తగినదో ఆయన చూసుకుంటాడు.

ఆపరేషను అయ్యాక కొన్ని వారాలు బరువు ఎత్తవద్దంటారు. అది సూదివల్ల కాదు, కుట్టిన కడుపు గోడ గట్టిపడటానికి! ఆ గడువు పాటించి, డాక్టరు సరేనన్నాక మళ్లీ పనిలోకి పోవచ్చు. అసలు భయపడవలసింది వాయిదా వెయ్యటానికే. హెర్నియాలో పేగు ఇరుక్కుని దానికి రక్తం అందకపోతే ప్రాణం మీదికి వస్తుంది. బుడిపె గట్టిపడి, లోపలికి పోకుండా నొప్పి పెట్టినా, వాంతులు అయినా ఆ క్షణమే ఆస్పత్రికి పోవాలి. ఈ మాట బాపుతో పాటు అమ్మకూ చెప్పి ఉంచు తల్లీ.

చేసి చూడండి: డాక్టర్లు ఈ మందులో గ్లూకోజు కలుపుతారు. 1907లో లండనులో బార్కర్ అనే సర్జను మొదలుపెట్టిన ఉపాయం ఇది. ఎందుకో మీరే కనిపెట్టండి. ఒక పొడుగాటి సీసాలో ముప్పాతిక వంతు నీళ్లు పొయ్యండి. చిక్కని చక్కెర పానకంలో చిటికెడు పసుపు కలిపి, సీసా అంచు వెంట మెల్లగా జారవిడవండి. పచ్చని పానకం నీళ్లలో కలవకుండా అడుక్కు దిగుతుంది. మూత బిగించి సీసాను నెమ్మదిగా పడుకోబెట్టి, ఒక కొస కొంచెం పైకెత్తండి. పచ్చదనం ఎటు పారింది? బల్లను ఒక వైపు వంచి మందును తనకు కావలసిన చోటికి డాక్టరు ఎట్లా నడిపిస్తాడో తెలిసింది గదా!